నల్ల బండి యావరేజ్

ఆదివారం పొద్దున మా మనవడు శ్రీకాంత్ నల్ల బండికి కిక్కు కొడతాడు. నా మోకాళ్లకు ఆ పని చేతకాక చాలాకాలమైంది. బండి ఏనాడూ మొదటి కిక్కుకు పలకదు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో లోపల ముసలాయన దగ్గినట్టు దగ్గి, తర్వాత నింపాదిగా దడదడమంటుంది. పెట్రోలూ వేడెక్కిన ఇనుమూ కలిసిన వాసన వసారా దాకా వస్తుంది. ఆ వాసన తగలగానే కుర్చీలో కూర్చున్న నా రెండు చేతులూ ఒళ్లో ఏదో డబ్బాను అదిమిపట్టుకున్నట్టు ముడుచుకుంటాయి. ఎన్నో ఏళ్లు ఐసు డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆ బండి వెనక సీటు మీద ఊళ్లు తిరిగినవాణ్ణి. ఆ అలవాటు ఇంకా ఒంట్లోంచి పోలేదు.

పోయిన వారం శ్రీకాంత్ స్నేహితులు వచ్చి మా అరుగు మీద పెద్ద పంచాయితీ పెట్టారు. ఏదో పత్రికలో రెండు రేసు బండ్లను పక్కపక్కన పెట్టి, ఏది గొప్పదో తేల్చారట. ఒకడి దగ్గర ఒక బండి, ఇంకొకడి దగ్గర రెండోది. పత్రికవాడు అమ్ముడుపోయాడని ఒకడు, నీకు చదవడం రాదని ఇంకొకడు. చివరికి ఒకడు, "గవన్నీ ఇడిసిపెట్టు, నీ బండి యావరేజ్ ఎంతిస్తది గది చెప్పు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావు తాతా అని అడిగారు. జనార్దన్ సారు కథ మొదలుపెట్టాను. సగంలోనే వాళ్లకు ఫోన్లు వచ్చాయి. సగంలో ఆపిన కథ నన్ను వారం రోజులుగా నిద్రపోనివ్వడం లేదు కాబట్టి, ఆయన్ను ఎన్నడూ చూడని మీకు మొత్తం చెబుతున్నాను.

జనార్దన్ సారు మక్తల్‌లో పశువుల డాక్టరు. నేను ఆయన కాంపౌండర్ని. మాది గొర్లు కాసుకునే ఇల్లు. మెట్రిక్ పాసై సర్కారు కొలువులో చేరిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, ఆ రోజుల్లో నా నడకే వేరుగా ఉండేది. సారుది నల్లగొండ వైపు నేత ఇల్లు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కాతో ఉండేవాడు. ఎద్దుకు గాయమైతే తెగిన పోగును అతికే మగ్గం ముడితోనే కుట్టేవాడు. ఆ ముడి నాకు నేర్పడానికి ఎంత తిట్టాడో చెప్పలేను. కోపం ముక్కు మీద ఉండేది. కానీ ఆ కోపం పని దగ్గరే ఉండేది, ఇంటిదాకా రాకపోయేది.

నేను చేరిన కొత్తలో ఒక పెద్ద రైతు అంగడిలో తన ఎద్దును అమ్ముతూ సారును పిలిపించాడు. కొనేవాడి ముందు సారు ఒక మంచి మాట చెబితే బేరం కుదురుతుందని ఆయన ఆశ. సారు ఎద్దును నడిపించి చూసి, అందరి ముందూ, "వెనక ఎడమకాలు లోపటికి పోతాంది. ఏడాది దాటితె కుంటుతది. కడమ అంతా మంచిగున్నది" అన్నాడు. రైతు మొహం నల్లబడింది. దవాఖానకు తిరిగి వస్తూ, మంచి సంగతి ముందు చెప్పి కాలు సంగతి తర్వాత చెప్పి ఉంటే బాగుండేది గదా అన్నాను.

"మా బాపు చీర అమ్మేటప్పుడు ఏం చేసేటోడు ఎరికేనా బీరయ్యా? ముందుగాల తిరగేసి, తెగిన పోగు ఏడున్నదో ఏలు పెట్టి చూపెట్టేటోడు. గా తర్వాతనే సీదా వైపు పరిచేటోడు."

"గట్ల చేస్తే ఎవరన్న కొంటరా సారూ?"

"కొననోళ్లు కొనకపోయేటోళ్లు. కొన్నోళ్లు మాత్రం మా ఇల్లు ఇడిసి ఇంకో ఇంటికి పోలే. మంచి వైపు దాని అంతట అదే కనపడ్తది. తప్పు వైపు మనమే తిరగేసి చూపెట్టాలె."

అప్పుడు ఆ మాట నాకు పెద్దగా ఎక్కలేదు. నేత ఇంటివాళ్ల పద్ధతి అనుకున్నాను.

ఇక బండ్ల సంగతి. అరవైల నడుమ మక్తల్‌లో ఫట్‌ఫటీ ఉన్నవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సారుకూ, వకీలు సాబ్‌కూ నల్ల బండ్లు. బరువైనవి, గొంతు పెద్దవి. పల్లికాయల మిల్లు సేటుకూ, రోడ్ల కంట్రాక్టరుకూ ఎర్ర బండ్లు. తేలికైనవి, పెట్రోల్లో నూనె కలిపి పోయాల్సినవి. ఆదివారం వచ్చిందంటే నలుగురూ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో కూర్చుని, ఏ బండి గొప్పదో తేల్చుకోవడానికి కొట్లాడేవారు. కొట్లాట అంటే నిజంగా కొట్లాటే. సాసర్లు బల్ల మీద ఎగిరేవి. అంత నెమ్మదస్తుడైన సేటు కూడా సారు బండిని పట్టుకుని "ఎనుపోతు" అనేవాడు. సారు సేటు బండిని "కుట్టు మిషను" అనేవాడు. మిగతా అన్ని విషయాల్లో ఆచితూచి మాట్లాడే మా సారు ఈ ఒక్క విషయంలో మాత్రం పిల్లల కంటే అన్యాయంగా వాదించేవాడు. తన బండి కొండ ఎక్కుతుందనేవాడు, ఏరు దాటుతుందనేవాడు, అడిగితే మగ్గం కూడా నేస్తుందనేవాడేమో.

అలాంటి రోజుల్లో బొంబాయి నుంచి వచ్చే ఒక ఇంగ్లీషు పత్రికలో సరిగ్గా ఈ రెండు బండ్లనే పోల్చి రాశారని కంట్రాక్టరుకు తెలిసింది. పాలమూరు బస్సు డ్రైవరుకు చెప్పి ఒక కాపీ తెప్పించాడు. తీర్పు ఎటు వస్తే అటు ఒప్పుకోవాలని, ఓడినవాళ్లు ఊరందరికీ దావత్ ఇవ్వాలని నలుగురూ మాట ఇచ్చుకున్నారు. ఆ ఆదివారం హోటల్లో కూర్చోవడానికి జాగా లేదు. బండి మొహం ఎరగని గొల్లలూ, సాలోళ్లూ కూడా బయట రోడ్డు మీద నిలబడ్డారు.

చదివే పని వకీలు సాబ్ తీసుకున్నాడు. ఆయన నిజాం జమానాలో ఉర్దూలో వకాలతు చదివినవాడు. ఇంగ్లీషు కొంత వచ్చు. వేగం దగ్గర నల్ల బండి గెలిచింది. కిక్కు కొట్టగానే అందుకోవడంలో ఎర్ర బండి గెలిచింది. బ్రేకు దగ్గర ఒకటి, సీటు దగ్గర ఒకటి, అలా సమానంగా వచ్చి ఆఖరు అంశం మీద ఆగింది. ఇసుకలో, మెత్తటి నేల మీద ఏది ఎలా నడుస్తుందన్నది అది. వకీలు సాబ్ కళ్లద్దాలు సవరించుకుని, ఎర్ర బండి సంగతి గబగబా దాటేసి, నల్ల బండి దగ్గర ఆగి ఆ ఒక్క మాటను గట్టిగా చదివాడు. యావరేజ్.

ఆ మాట మా అందరికీ తెలుసు. ఇంగ్లీషు ముక్క రానివాడికీ తెలుసు. బండి ఉన్నవాణ్ణి ఎవరైనా మొదట అడిగేదే ఆ మాట. యావరేజ్ అంటే గ్యాలన్‌కు ఎన్ని మైళ్లు ఇస్తుందన్నది. బండికి యావరేజ్ ఉందంటే ఇక అంతకంటే పొగడ్త లేదు. "చూసిండ్రా, ఇసుకల గూడ యావరేజ్ ఇస్తదంట" అని వకీలు సాబ్ బల్ల మీద చరిచాడు. సేటు తల దించుకున్నాడు. మా వైపువాళ్లు దావత్‌లో ఏమేం పెట్టాలో సేటుకు చెప్పడం మొదలుపెట్టారు.

సారు మాత్రం చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నాడు. తర్వాత చెయ్యి చాపి పత్రిక తీసుకుని చదివాడు.

"వకీల్ సాబ్, జర ఆగుండ్రి. గీ యావరేజ్ మన యావరేజ్ కాదు."

"యావరేజ్ అంటే యావరేజే గద డాక్టర్ సాబ్."

"కాదు. గీడ అంతంతమాత్రం అని అర్థం. మన బండి ఇసుకల అంతంతమాత్రమే నడుస్తది అని రాసిండు. ఎర్ర బండి మంచిగ నడుస్తదన్నడు. మనం ఓడిపోయినం. దావత్ మనమే ఇయ్యాలె."

వకీలు సాబ్ ఆయన దగ్గరికి వంగి, పళ్లు కొరుకుతూ, "నువ్వు చెప్పకుంటె ఎవనికెరుక?" అన్నాడు.

"నాకెరుక గద" అన్నాడు సారు.

దావత్ ఇచ్చారు. ఊరంతా తిన్నది. తిన్నవాళ్లే నవ్వారు కూడా. గెలిచిన పందెం చేతులారా ఓడిపోయిన డాక్టరని, చదువెక్కువై తెలివి తగ్గిందని అన్నారు. సారు రోడ్డు మీద పోతుంటే వెనక నుంచి "యావరేజ్ సారు" అని పిలిచేవారు. వకీలు సాబ్ చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ పేరు వింటే నాకు ఒళ్లు మండేది. ఒకసారి అలా పిలిచినవాడి మీదికి పోబోతే సారు నా భుజం పట్టుకుని ఆపి, "పేరే గద బీరయ్యా, కరుస్తదా" అన్నాడు. ఆ పేరు కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ల దాకా, సంతకు వచ్చిపోయేవాళ్ల నోట పాకిపోయిందని మాకు అప్పుడు తెలియదు.

ఆ ఎండాకాలం చివర, మిరుగు కార్తె వానలు ఇంకా రాకముందు, రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చిన పశువుల మందతో పెద్దరోగం మా వైపు దిగింది. ఇప్పటివాళ్లకు ఆ రోగం పేరు కూడా తెలియదు, అది అదృష్టం. నోరు పుండై, కళ్ల నుంచి నీళ్లు కారి, కడుపు పారుకుంటూ, పశువులు దొడ్లకు దొడ్లు పడిపోయేవి. సరిగ్గా దున్నే ముందు ఎడ్లు పోతే ఆ ఏడు ఆ ఇంట్లో పొయ్యి వెలగనట్టే. వాగు అవతల మా అక్క లచ్చమ్మను ఇచ్చిన ఊరుంది. దాని పక్క ఊళ్లో రోగం అప్పటికే మొదలైంది. రోగం ఊళ్లోకి రాకముందే సూది మందు వేస్తే ఊరు మిగులుతుంది. వచ్చాక వేస్తే లాభం లేదు. మా అక్క ఇంటికి ఉన్నది ఒక్క జత ఎడ్లు.

మందు పాలమూరు నుంచి బస్సులో, రంపపు పొట్టు కప్పిన ఐసులో వచ్చేది. ఐసు కరిగితే మందు నీళ్లతో సమానం. ఎడ్లబండి మీద పోదామంటే, ఆ ఎడ్లే రోగాన్ని మోసుకుపోతాయి. కాబట్టి ఫట్‌ఫటీయే దిక్కు. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. వాగు దాకా బాగానే పోయాం. వాగులో నాలుగడుగుల ఇసుక దాటేసరికి నల్ల బండి వెనక చక్రం కూరుకుపోయింది. సారు దిగి నెట్టాడు, నేను నెట్టాను. చక్రం లోపలికి తవ్వుకుంటూ పోయింది. ఆఖరుకు బండి పక్కకు ఒరిగి మేమిద్దరం ఇసుకలో పడ్డాం. డబ్బా మూత ఊడి ఐసు చెదిరిపోయింది. ఎండకు అది మా కళ్ల ముందే ఇసుకలోకి ఇంకిపోయింది. నాకు ఏడుపొచ్చింది. సారు కూర్చుని కాసేపు ఆ తడి ఇసుకను చూశాడు. "పత్రికోడు నిజమే రాసిండు" అని లేచాడు.

బండిని ఎలాగో గట్టుకు లాగి మక్తల్‌కు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం బస్సులో రెండో విడత మందూ ఐసూ దిగుతున్నాయి. సారు ఒంటి నిండా ఇసుకతో నేరుగా చాయ్ హోటల్లోకి నడిచాడు. సేటూ, కంట్రాక్టరూ, వకీలు సాబ్, అందరూ అక్కడే ఉన్నారు.

"సేట్, మీ బండి గావాలె. వాగు దాటాలె."

సేటుకు ఇన్నేళ్ల కసి తీర్చుకునే అవకాశం దొరికింది. మీసం దువ్వుకున్నాడు. "ఇస్త డాక్టర్ సాబ్. గని ఎవరి బండి మంచిదో గీ నలుగుర్ల ఒక్కసారి చెప్పుండ్రి."

"మీ బండే మంచిది. తాళం ఇయ్యుండ్రి."

అంత తొందరగా చెబుతాడని సేటు అనుకోలేదు. పాపం, గెలుపును ఆస్వాదించడానికి ఆయనకు కాస్త కూడా వ్యవధి దొరకలేదు. తాళం ఇచ్చి, తానే లేచి వచ్చి, పెట్రోల్లో నూనె కలిపి, ట్యాంకు నింపి, ఎర్ర బండి గేర్లు ఎలా మార్చాలో సారుకు చూపించాడు. వాగులో ఎర్ర బండి అటూ ఇటూ తూలింది కానీ ఆగలేదు. నేను డబ్బాను పొట్టకు అదుముకుని కళ్లు మూసుకున్నాను.

ఊళ్లో చావడి ముందు జనం పోగయ్యారు. కానీ ఒక్క పశువును కూడా తోలుకురాలేదు. సూది వేస్తేనే రోగం పుడుతుందని, పక్క ఊళ్లో అలాగే జరిగిందని పుకారు. నేను ఈ ఊరి కోడలి తమ్ముణ్ణి కాబట్టి నా మాట వింటారని, మందు గొప్పతనం చెప్పబోయాను. సారు నన్ను వెనక్కి జరిపి ముందుకొచ్చాడు.

"సూది ఏసినంక పశువుకు జ్వరమొస్తది. మేత ముట్టది. వారం దినాలు పనికి కట్టొద్దు. బక్కవి ఒకటో రెండో సావొచ్చు గూడ. ఏ ఇంట్ల సస్తదో నేను చెప్పలేను. ఏయకుంటె, రోగమొస్తె పదింట్ల ఎన్మిది పోతయి. గిదీ సంగతి."

నాకు ఆయన నోరు మూయాలనిపించింది. మా బావ లేచి, "సస్తయని నువ్వే చెప్తున్నవు, మల్ల ఏయించుకోమంటున్నవు" అన్నాడు. జనం గొణుగుతూ వెనక్కి తగ్గారు. డబ్బాలో ఐసు కరిగే చప్పుడు నాకు వినిపిస్తున్నట్టే ఉంది. అప్పుడు అరుగు మీద కూర్చున్న బాలప్ప తాత, చూపు ఆననివాడు, కర్రతో నేలను తట్టాడు.

"మక్తల్ల యావరేజ్ సారంటరు. నువ్వేనా?"

ఆ పేరు ఇక్కడ కూడానా అని నేను సిగ్గుతో తల దించుకున్నాను.

"నేనే తాతా."

"నీ బండి తక్కువదని నువ్వే చెప్పి, గెలిచినోడివి దావత్ ఇచ్చినవంట. నిజమేనా?"

"నిజమే."

తాత పక్కనున్న కొడుకు వైపు తిరిగాడు. "మన ఎడ్లను తోలుకరా. గీ మనిషి సస్తయంటె సస్తయి, బతుకుతయంటె బతుకుతయి."

మొదట తాత ఎడ్లు వచ్చాయి. వాటి వెనక మా అక్క తన జతను తానే పట్టుకుని వచ్చింది, బావ ఆపుతున్నా ఆగలేదు. తర్వాత ఊరంతా వచ్చింది. ఐసు అయిపోయేదాకా వేశాం. మర్నాడూ, ఆ మర్నాడూ మళ్లీ ఎర్ర బండి మీద వాగు దాటాం. రోగం ఆ ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయింది. పక్క ఊళ్లలో ఎముకలు మిగిలితే, ఈ ఊళ్లో మిరుగు పడగానే నాగళ్లు కదిలాయి.

కానీ సూది జ్వరానికి ఒక్క ఎద్దు చచ్చిపోయింది. మా అక్క కర్రెద్దు అది.

కబురు రాగానే సారు నన్ను కూడా పిలవకుండా పోయాడు. నేను వెనక నడుచుకుంటూ వెళ్లేసరికి మా అక్క వాకిట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎద్దును కన్నబిడ్డలా సాకింది మా అక్క, ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది. చివరికి ఆమే అంది.

"చెప్పే ఏసినవు గద సారూ. చెప్పక ఏసుంటె నా ఉసురు తగిలేది నీకు. లే, మంచినీళ్లు తాగు."

ఆ నీళ్లు తాగుతూ సారు ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే. ఆ ఏడు మా అక్క మిగిలిన ఎద్దుకు బాలప్ప తాత తన ఎద్దును జత కట్టించి దున్నించాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు సారుకు అచ్చంపేట బదిలీ అయింది. పోతూ పోతూ నల్ల బండి నాకిచ్చాడు. ఇచ్చే ముందు దాన్ని వాకిట్లో పక్కకు పడుకోబెట్టి, అడుగున పగులు ఎక్కడుందో, నూనె ఎక్కడ కారుతుందో వేలు పెట్టి చూపించాడు. నేను మిగతా కొలువంతా అలాగే చేశాను. సూది పట్టుకుని ఏ ఊరు పోయినా చెడు సంగతి ముందు చెప్పేవాణ్ణి. కొన్ని ఊళ్లు తరిమేశాయి. మర్నాడు మళ్లీ పోయేవాణ్ణి. మళ్లీ అదే మాట, అదే వరసలో చెప్పేవాణ్ణి. ఎక్కువ ఊళ్లు రెండోసారికో మూడోసారికో పశువులను తోలుకొచ్చాయి. సారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ను తలుచుకోని రోజు నాకు లేదు.

ఆ ఊళ్లో మాత్రం ఆ మాట ఉండిపోయింది. ఇంగ్లీషు అర్థమూ కాదు, బండ్లవాళ్ల అర్థమూ కాదు, వాళ్లది మూడో అర్థం, తన లోపం తానే ముందు చెప్పే మనిషి అని. ఇప్పుడు శ్రీకాంత్‌కు సంబంధాలు చూస్తున్నాం. ఒక పిల్లది మా అక్క ఊరే, బాలప్ప తాత మునిమనవరాలు. నిన్న ఆ పిల్ల నాయినమ్మ ఫోన్ చేసింది. చదువూ జీతమూ ఏమీ అడగలేదు.

"పిల్లగాడు యావరేజేనా అన్నా?"

ఫోన్ గట్టిగా వినిపిస్తుంది కాబట్టి శ్రీకాంత్ విన్నాడు. మొహం ముడుచుకున్నాడు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి పట్టుకుని ఆ మాట అంటారా అని వాడి బాధ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడికి తర్వాత చెప్పుకోవచ్చులే అనుకుని, ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాను.

"ముందుగాల వాని కోపం సంగతి చెప్త, ఇను చెల్లే" అని మొదలుపెట్టాను.